సమస్య: "కూరుచున్నవాఁడె కొండ నెక్కె"

నిర్వాహకుడు: వచ్చే నెల మనలో పదకొండుమందిమి తిరుమలకు నడిచి వెళ్తున్నాం. ఏడుగురికి ఇదే మొదటిసారి. 2388 మెట్లే కదా, శ్రీవారి మెట్టు దారిన పోదామని కొందరి మాట. ఆ దారి పొట్టిదే గాని నిట్టనిలువు. అలిపిరి దారిలో 3550 మెట్లున్నా, గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగానే ఉంటుంది. కొత్తవారికి అదే నయం. ఇంతలో ఒకరు "మధ్యలో కూర్చుంటే పరువు పోతుందా?" అని అడిగారు. అదే సమస్య అయింది. పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా ఆటవెలదిలో పూరించండి. బస్సులో కూర్చోబెడితే చెల్లదు, ముందే చెబుతున్నాను.

ఒంగోలు మిత్రుడు:

పరుగు తీసినట్టి బలశాలి యలసెను
గాలిగోపురమున కాళ్ళు లాగి;
నూరు మెట్లకొక్క సారి యరుగుఁ జేరి
కూరుచున్నవాఁడె కొండ నెక్కె.

నిర్వాహకుడు: భావం నిజం. గాలిగోపురం దాకా మెట్ల మీద మెట్లే. దూకుడుగా మొదలుపెట్టినవారు చతికిలబడేది అక్కడే. 'గోపురమున' ద్రుతాంతం (చివర నకారం వచ్చే పదం) కాబట్టి తరవాతి 'కాళ్ళు'ను 'గాళ్ళు' అనాలి. 'నూఱు'లో ఉన్నది బండి ఱ. 'సారి'లోది మామూలు ర; ఈ రెంటికీ ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) కలపడం పూర్వులు కొందరికి నచ్చదు. నాకు అభ్యంతరం లేదు.

ఒంగోలు మిత్రుడు: 'గోపురమునఁ గాళ్ళు లాగి' అని సవరించాను. బండి ఱను నాతోపాటు కొండెక్కనివ్వండి.

కడప సోదరి:

చెప్పు విడువకుండఁ జిన్నతనమునందు
అన్నమయ్య సొలసె నడుగువడక;
అమ్మ చెప్ప వాని నవల నుంచి నుతించి
కూరుచున్నవాఁడె కొండ నెక్కె.

నిర్వాహకుడు: మోకాళ్ళ పర్వతం దగ్గర అలమేలుమంగ బాల అన్నమయ్యకు కనిపించి చెప్పులు విప్పమన్న కథ. ఎత్తుగడ బాగుంది. ఆయన సొమ్మసిల్లి పడుకున్నాడనే కదా కథ! కూర్చున్నట్టు పద్యంలో ఇంకొక్క మాట పడి ఉంటే అతికేది.

కడప సోదరి: అమ్మవారు కనిపిస్తే ఎవరైనా పడుకునే ఉంటారా? ఆయన అమ్మవారి మీద శతకం చెప్పింది లేచి కూర్చునే.

నిర్వాహకుడు: ఓడిపోయాను.

హైదరాబాదు మిత్రుడు:

చంటివాఁడు నాన్న చంకను దిగనని
మొండికేసి యేడ్చి మూఁపు నెక్కి
యలుపు లేక నవ్వె నయ్య చెమటలోడ;
కూరుచున్నవాఁడె కొండ నెక్కె.

ఒంగోలు మిత్రుడు: ఈసారికి ఇదే నా ఓటు. 'మొండికేసి' వాడుకమాటే అయినా, పిల్లవాడి నోటికి గ్రాంథికం పెడితే నవ్వు పోయేది.

నిర్వాహకుడు: నాకూ నచ్చింది. ఒక్క హెచ్చరిక మాత్రం: 2023లో చిరుత దాడుల తరవాత పిల్లలతో నడిచేవారికి వేళల విషయంలో ఆంక్షలు పెట్టారు. మీరు వాడిని తెస్తే తెల్లవారుజామునే బయలుదేరదాం, ఎండా తప్పుతుంది. సంచులు అలిపిరిలో అప్పగిస్తే దేవస్థానంవారే పైకి చేరుస్తారు. మూపు మీద వాడొక్కడే ఉండాలి.

హైదరాబాదు మిత్రుడు: వాడి బరువు పద్నాలుగు కిలోలు. నా పద్యంలో చెమట గణాల కోసం తెచ్చింది కాదు.