తొమ్మిదో తరగతి ఇంగ్లీష్ రాతలు: ఎంత దిద్దినా పిల్లలు చూడటం లేదు, ఏం చేయాలి?

పల్లెబడి టీచర్ (నిర్మల్ జిల్లా)

అందరికీ నమస్తే. నేను జెడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ (ఎస్‌ఏ) ఇంగ్లీష్‌ని. ఎనిమిది, తొమ్మిది, పది నావే. పేరుకి ఇంగ్లీష్ మీడియం వచ్చింది గానీ మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొందరు గోండి. ఇంగ్లీష్‌లో సొంతంగా రాసేది నా పీరియడ్‌లోనే.

పాఠం వెనక ప్రశ్నలకు జవాబులైతే గైడ్ చూసి దించేస్తారు, తప్పులుండవు. సొంతంగా రాయమన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మొన్న 'మా ఇంట్లో జరిగిన ఒక సంగతి' రాయమన్నాను. ఒక అమ్మాయి రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"మై గ్రాండ్‌మదర్ ఈజ్ హ్యావింగ్ టూ బఫెలోస్. వన్ డే బ్లాక్ బఫెలో డిడ్ నాట్ కేమ్ టు హోమ్. మై గ్రాండ్‌మదర్ షీ డిడ్ నాట్ ఏట్ ఫుడ్. వి సెర్చ్‌డ్ ఫుల్ నైట్ విత్ టార్చ్‌లైట్. మార్నింగ్ ఇట్ ఈజ్ స్టాండింగ్ ఇన్ కాటన్ ఫీల్డ్. ఓనర్ స్కోల్డెడ్ అజ్."

దాదాపు ప్రతి లైనులో సున్నాలు చుట్టాను. పైన సరైన మాట రాశాను. కింద 'ఇంప్రూవ్ యువర్ గ్రామర్', పదికి నాలుగు. ఆ పిల్ల నాలుగు చూసింది, నోట్సు మూసి బ్యాగులో పెట్టేసింది. తర్వాతి వారం మళ్ళీ 'డిడ్ నాట్ వెంట్'. సెక్షన్‌కి నలభై దాటి ఉన్నారు. ఆదివారాలు దీనికే పోతున్నాయి. దిద్దకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చినప్పుడు 'టీచర్ ఇంకు ఏదమ్మా?' అంటారు. ఎలా దిద్దితే వాళ్ళకు ఎక్కుతుంది?

చాక్‌పీస్

మేడమ్, నోట్సులు మార్చుకుని పిల్లలతోనే దిద్దించండి. పక్కవాడి తప్పు పట్టమంటే ఎంత హుషారో! నాకైతే చాలా టైమ్ కలిసొచ్చింది.

రిటైర్డ్ మాస్టారు (తెనాలి)

అమ్మా, ఆ పిల్లకి ముందు బాగా రాసిందని నా తరఫున చెప్పండి. గేదె ఇంటికి రాలేదు, ముసలావిడ అన్నం ముట్టలేదు, రాత్రంతా టార్చి వేసుకుని తిరిగారు, తెల్లారి పత్తిచేలో దొరికింది, చేనుగలాయన తిట్టాడు. ఆరు వాక్యాల్లో కథంతా వచ్చేసింది. గైడ్ చూసి దించే పిల్లలకు ఇది చేతకాదు. మీ ఎర్ర ఇంకులో దీని గురించి ఒక్క ముక్క లేదు.

నేనైతే మొదట మార్జిన్‌లో ఒక ప్రశ్న రాస్తాను: 'రాత్రి ఎవరెవరు వెతికారు? మీ నానమ్మ కూడా వచ్చిందా?' మీకు నిజంగా తెలుసుకోవాలనిపించిందే అడగండి, మొక్కుబడిగా అడిగితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. దానికి జవాబు రాయడానికైనా ఆ ఆరు వాక్యాలు పెరుగుతాయి.

తర్వాత ఒక్కటంటే ఒక్క రకం తప్పు. ఇక్కడ అది 'డిడ్ నాట్ కేమ్', 'డిడ్ నాట్ ఏట్'. రెండుసార్లు వచ్చింది. జరిగిపోయిన సంగతులు రాసినప్పుడల్లా మళ్ళీ వస్తుంది. పైగా దీనికి ఒక్క నిమిషంలో చెప్పగలిగే నియమం ఉంది: భూతకాలం పని డిడ్ చేసేసింది కాబట్టి వెనకున్న క్రియ మామూలు రూపంలోనే ఉండాలి. ఆ పిల్ల ఆలోచన అడ్డగోలుగా ఏమీ లేదు. జరిగిపోయిందే కదా అని రెండు చోట్లా జరిగిపోయినట్టే రాసింది. మొదటిదాని కింద గీత గీసి 'కమ్' అని మీరే రాయండి. రెండోది ఉన్న లైను పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టి వదిలేయండి. తప్పేమిటో తనే వెతుక్కోవాలి.

మరి 'ఈజ్ హ్యావింగ్' సంగతంటారా, ప్రస్తుతానికి చూడనట్టే ఉండండి. మన కాలేజీ లెక్చరర్లు కూడా అంటారు అది. 'గ్రాండ్‌మదర్ షీ' వచ్చే నెల చూసుకోవచ్చు. ఆర్టికల్స్ (ఎ, ఆన్, ద) తెలుగులో లేనే లేవు, ఇంటర్ అయిపోయినా చాలామందికి కుదురుకోవు. వాటిని పట్టుకుని తొమ్మిదో తరగతి పిల్లని వేపుకు తినకండి.

ఇది నా సొంత పైత్యం కాదు. తైవాన్‌లో పాఠాలు చెప్పిన జాన్ ట్రస్కాట్ అనే ఆయన 1996లో, రాతల్లో గ్రామర్ దిద్దడం దండగ, మానేయండి అని ఒక వ్యాసం రాశారు. పెద్ద దుమారమే లేచింది. అమెరికా నుంచి డానా ఫెరిస్ 1999లో జవాబిచ్చారు: ఎంచుకుని, స్పష్టంగా దిద్దితే ఉపయోగం ఉంటుంది, అప్పుడే మానేయమనడం తొందరపాటు అని. నియమం చెప్పి దిద్దగలిగే తప్పులు వేరు, అలా చెప్పలేనివి వేరు అని విడదీసింది కూడా ఆవిడే. నాది ఆవిడ పక్షం.

ఇక మార్కు. మొదటిసారి వేయకండి. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ బడిపిల్లల మీద ఒక పరిశోధన చేశారు. ఇంగ్లీష్ రాతల మీద కాదు, వేరే పనుల మీదే అనుకోండి. ఉత్త వ్యాఖ్య అందుకున్నవాళ్ళు తర్వాత మెరుగ్గా చేశారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇస్తే ఆ లాభం పోయింది. మీ అమ్మాయి నాలుగు చూసి నోట్సు మూసేయడం అదే కదా! తిరగరాసినదానికే మార్కు వేయండి. తిరగరాయడం కూడా క్లాసులోనే, నోట్సులిచ్చిన పీరియడ్‌లోనే మొదటి పది నిమిషాలు కూర్చోబెట్టి చేయించాలి. ఇంటికి పంపితే అక్కో అన్నో రాసిపెడతారు. ఆ పది నిమిషాలు లేకపోతే మీ ఆదివారం గోదాట్లో కలిసినట్టే.

చాక్‌పీస్ గారూ, మార్చుకోవడం మంచిదే గానీ గ్రామర్‌కి కాదు. పిల్లలు ఒప్పుని కూడా తప్పు చేసి ఇస్తారు. 'ఇక్కడ నాకు అర్థం కాలేదు', 'తర్వాత ఏమైంది?' లాంటివి రాయించండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు.

నైట్‌డ్యూటీ (కర్నూలు)

నేను టీచర్ని కాదు, నర్సుని. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్నా, అంటే మీ ఎర్ర ఇంకుకి అవతలి వైపు ఉన్నాను. నేను వెళ్ళిన కోచింగ్ సెంటర్లో వ్యాసం ఇస్తే మీద 5.5 అని రాసి తిరిగిచ్చేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆ అరమార్కు దేనికి పోయిందో తెలియక టెన్షన్ పడేదాన్ని.

తర్వాత ఫోన్‌లో ఏఐకి పెట్టాను. మొత్తం తిరగరాసి ఇచ్చింది. చదవడానికి ఎంత బాగుందో! కానీ అందులో నా వాక్యం ఒక్కటీ మిగల్లేదు, ఏది ఎందుకు మార్చిందో తెలియలేదు. ఇప్పుడు దానికి ముందే చెప్తున్నా: తిరగరాయొద్దు, ఎక్కువసార్లు వచ్చిన ఒక్క తప్పు ఏ లైనులో ఉందో చూపించు, సరిచేయడం నేను చేసుకుంటా అని. మాస్టారు చెప్పిన చుక్క లాంటిదే.

ఇంకొకటి. ఆ పరీక్షలోనే రాతకి నాలుగు కొలమానాలుంటాయి: అడిగినదానికి జవాబు చెప్పామా, ఆలోచన వరసగా నడిచిందా, పదాలు, గ్రామర్. నాలుగూ సమానం. అంటే గ్రామర్ పావు వంతు. మా బడిలో అదే మొత్తం అన్నట్టు పెంచారు.

పల్లెబడి టీచర్ (నిర్మల్ జిల్లా)

మాస్టారూ, చాలా థాంక్స్. నానమ్మ ప్రశ్న అలాగే రాసేస్తా. రెండు అనుమానాలు. దిద్దకుండా వదిలేసిన తప్పులు చూసి ఎంఈఓ గారు ఊరుకోరు. తల్లిదండ్రుల్లో కూడా ఒకరిద్దరు 'టీచర్‌కే రాదేమో' అంటారు. రెండోది, గోండి మాట్లాడే పిల్లలు కొందరు రెండు లైన్లకు మించి రాయరు. వాళ్ళలో ఏ తప్పు ఎంచుకోవాలి?

రిటైర్డ్ మాస్టారు (తెనాలి)

నోట్సు మొదటి పేజీలో ఒక పట్టీ గీయించండమ్మా: నెల, ఈ నెల చూస్తున్న తప్పు, తిరగరాసిన తేదీ, మీ సంతకం. మిగతావి ఎందుకు వదిలేశారని ఎవరు అడిగినా ఆ పేజీ తీసి చూపించండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇంకా నయం. హెచ్‌ఎం గారి సంతకం కూడా ఉంటే మరీ మంచిది. గైడ్ చూసి దించిన జవాబులుంటాయి చూడండి, వాటికి టిక్కు పెట్టి తేదీ వేసేయండి. ఇంకు కావాలన్నవాళ్ళకు అక్కడ బోలెడంత కనబడుతుంది.

రెండు లైన్లు రాసేవాళ్ళకు తప్పు చూపించనే వద్దు. రోజుకి ఇద్దర్ని బల్ల దగ్గరికి పిలిచి, రాసింది చదివించుకుని, తర్వాత ఏమైందో నోటితో చెప్పమనండి. తెలుగులోనో గోండిలోనో చెప్తారు. గోండి మీకు రాకపోతే పక్కన ఇంకో పిల్లని నిలబెట్టుకోండి. చెప్పినదాంట్లోంచి ఒక వాక్యం ఇంగ్లీష్‌లో వాళ్ళ చేతే కూడదీయించి అక్కడికక్కడే రాయించండి. పేజీ సగం నిండేదాకా చుక్కలు పెట్టొద్దు.