కంప్రెసర్ ఆగాక బుస్సుమంటూ గాలి పోతోంది: స్విచ్చా, ఎన్‌ఆర్‌వీయా?

రేకుల షెడ్డు:
ఇంటి వెనక షెడ్డులో చెక్కపని చేసుకుంటాను. 50 లీటర్ల టాంకు, 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్. 8 బార్ దగ్గర ఆగుతుంది. ఆగాక ప్రెషర్ స్విచ్ కింద, సన్న పైపు వచ్చి కలిసే చోట గాలి పోతూనే ఉంటుంది. ముల్లు 6కి దిగగానే మోటార్ మళ్ళీ మొదలు. పని లేకపోయినా ఇదే వరస. కొన్న షాపులో అడిగితే స్విచ్ మార్చమన్నారు. మార్చనా?

ఆటోనగర్ బాబాయ్:
తొందరపడకు తమ్ముడూ. గాలి స్విచ్ దగ్గర బయటికొచ్చినంత మాత్రాన తప్పు స్విచ్‌ది కాదు. మోటార్ ఆగగానే హెడ్డుకీ (పిస్టన్ పైభాగానికి) టాంకుకీ మధ్య పైపులో మిగిలిన గాలిని, సన్న పైపు ద్వారా, స్విచ్‌కున్న అన్‌లోడర్ అనే చిన్న వాల్వ్ వదిలేస్తుంది. రెండు మూడు సెకన్లు బుస్సుమని ఊరుకోవాలి. ఊరుకోలేదంటే టాంకులో గాలి వెనక్కి వస్తోందన్నమాట. దాన్ని ఆపాల్సింది టాంకు మీదున్న ఎన్‌ఆర్‌వీ, అంటే గాలిని టాంకులోకే పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్. ప్రెషర్ 2 బార్ దాకా దించి, ప్లగ్ పీకి, సన్న పైపును స్విచ్ దగ్గర వదులు చెయ్. పైపులోంచి గాలి ఆగకుండా వస్తుంటే ఎన్‌ఆర్‌వీదే పని. మోటార్ తిరుగుతున్నప్పుడు కూడా అన్‌లోడర్ దగ్గర లీకవుతుంటే అప్పుడు స్విచ్‌ని అనుమానించు.

గోదారి గట్టు:
ముందు సబ్బు నీళ్ళు రాసి చూడండి. జాయింట్ అయితే టెఫ్లాన్ టేపు చాలు.

స్ప్రే గన్:
ఇంత పురాణం ఎందుకు? ఆ సన్న పైపు పీకేసి, ఎన్‌ఆర్‌వీ పక్కనున్న రంధ్రానికి బోల్టు బిగించెయ్. నాది అలాగే నడుస్తోంది, కిక్కురుమనదు. అసలు మంచి మెషిన్ ఆగినప్పుడు బుస్సుమనడమేంటి?

ఆటోనగర్ బాబాయ్:
అనాలి. అనకపోతేనే కంగారు పడాలి. పైపులో గాలి అలాగే ఉండిపోతే మళ్ళీ స్టార్టయ్యేటప్పుడు పిస్టన్ ఆ ఒత్తిడికి ఎదురు తొయ్యాలి. సాయంత్రం పూట వోల్టేజి తగ్గినప్పుడు మోటార్ మూలుగుతుంది గానీ తిరగదు. ఓవర్‌లోడ్ కొట్టేసి మోటార్‌ని ఆపేస్తే అదృష్టం, లేకపోతే కెపాసిటరో వైండింగో పోతుంది. గోదారి గట్టూ, టేపు మరలకి. ఎన్‌ఆర్‌వీ లోపల గాలిని మూసే డిస్క్ పట్టకపోతే బయట ఎంత చుట్టినా దండగ.

స్ప్రే గన్:
నా మోటార్ కాలలేదు. మీరు సెకన్ల లెక్క చెప్తున్నారు, నేను నడుస్తున్న మెషిన్ చూపిస్తున్నా.

గోదారి గట్టు:
మా పక్కింటి కంప్రెసర్ అయిదు సెకన్లు అంటుంది. అది లీకేనా?

ఆటోనగర్ బాబాయ్:
పైపు పొడవుంటే ఇంకాస్త పడుతుంది. ఆగిందా లేదా అన్నదే ముఖ్యం.

స్ప్రే గన్:
మీ మెకానిక్‌లు ఎన్‌ఆర్‌వీ అనగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకాయన కొత్తది వేశానని డబ్బు తీసుకున్నాడు. విప్పి చూస్తే పాతదే కిరోసిన్‌తో కడిగి పెట్టాడు. మసి గీతలు అలాగే ఉన్నాయి.

ఆటోనగర్ బాబాయ్:
ఎవడో మోసం చేస్తే నా మీద పడతావేం? నేను కొనమన్నానా, విప్పి చూడమన్నానా? ఇవాళ ఆ రంధ్రం మూసినవాడు రేపు సేఫ్టీ వాల్వ్ గాలి వదిలితే దానికీ బోల్టు వేస్తాడు. అప్పుడు స్విచ్ కట్ అవ్వకపోతే టాంకు ఎటు పగులుతుందో చెప్పగలవా?

స్ప్రే గన్:
సేఫ్టీ వాల్వ్ మాటే నేనెత్తలేదు. మీ సలహా విని మెషిన్ విప్పి కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? తలుపులకు రంగు వెయ్యాలి, ఇంటి ఓనరు ఫోన్ మీద ఫోన్. పార్టు దొరికేదాకా ఆగే తీరిక మీకుంది, నాకు లేదు.

చిత్తూరు చిన్నక్క:
ఇదీ అసలు గొడవ. ఒకరు రిపేరు గురించి, ఇంకొకరు ఇవాళ్టి పని గురించి మాట్లాడుతున్నారు.

ఆటోనగర్ బాబాయ్:
అంత అర్జెంటైతే లీకుతోనే పని చేసుకో. మోటార్ మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ ఉండు, పని లేనప్పుడు స్విచ్ ఆపెయ్. గాలి వృథా అవుతుంది, అంతే. బోల్టు మాత్రం వద్దు. ఎన్‌ఆర్‌వీ విప్పే ముందు ప్లగ్ పీకి, కింద డ్రెయిన్ కాక్ తెరిచి, ముల్లు సున్నా అయ్యాకే స్పేనర్ పెట్టాలి. హెడ్డు నుంచి వచ్చే పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, చల్లారనివ్వాలి.

రేకుల షెడ్డు:
బాబాయ్ గారూ, పరీక్ష చేశాను. సన్న పైపులోంచి గాలి ఆగలేదు. అంతా ఖాళీ చేసి ఎన్‌ఆర్‌వీ విప్పాను. స్ప్రింగు బాగానే ఉంది. రబ్బరు డిస్క్ గట్టిపడి మధ్యలో గుండ్రంగా గాడి పడింది. దాని అంచున తెల్లటి టేపు పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది, నల్లగా మసి పట్టి.

ఆటోనగర్ బాబాయ్:
ఆ పీలిక బిగించినవాడి పుణ్యం. టేపు మొదటి రెండు మరలు వదిలి చుట్టాలి, లేకపోతే చివర తెగి లోపల పడుతుంది. డిస్క్ ఆనే ఇత్తడి సీటు గుడ్డతో తుడువు, ఎమ్రీ పేపర్ పెట్టకు. డిస్క్ మాత్రం మార్చాల్సిందే.

రేకుల షెడ్డు:
రాణిగంజ్‌లో విడి డిస్క్ లేదన్నారు. మొత్తం ఎన్‌ఆర్‌వీ తీసుకోమంటున్నారు.

ఆటోనగర్ బాబాయ్:
తీసుకో. పాతది పట్టుకెళ్ళి మర సైజు, సన్న పైపు రంధ్రం పోల్చి చూసుకో.

స్ప్రే గన్:
అంటే ఇవాళ పని ఆగినట్టే కదా? బోల్టుకి పది రూపాయలు కూడా అవ్వదు.