తమ్ముడికి బైపోలార్. తాగుడు సంగతి డాక్టరుకి ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి అక్క: తమ్ముడికి 27 ఏళ్లు. కొన్నాళ్లు విపరీతమైన ఉషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే ఈ జబ్బుకి లిథియం మాత్రలు వాడుతున్నాడు. డాక్టరు గారు "తాగుతావా?" అంటే "లేదు సార్" అనేశాడు. సాయంత్రమైతే కల్లు పాకలోనే ఉంటాడు, గంజాయి కూడా ఉందని నా అనుమానం. అమ్మేమో "తాగుడు మానితే జబ్బే ఉండదు, మాత్రలెందుకు" అంటోంది. నిజమేనా? నేను చెప్పానని తెలిస్తే వాడు నాతో మాట్లాడడు.

రిటైర్డ్ నర్సు, బరంపురం: వాడు అబద్ధమాడాడని అనుకోకమ్మా. మన వైపు జీలుగు కల్లుని తాగుడు కింద ఎవరు లెక్కేస్తారు? శివరాత్రి భాంగు ప్రసాదమట, గుడాకు పొగాకే అయినా పళ్లపొడట! నేను డ్యూటీలో ఒక్కోటీ పేరుపెట్టి అడిగేదాన్ని: కల్లు, ఇప్పసారా, గంజాయి, నిద్రమాత్రలు. ఎంత, వారంలో ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు?

అమ్మ మాట తేలాలంటే రెండేళ్ల నెలలు కాగితం మీద రాసి, నిద్ర లేకుండా తిరిగిన రోజులు ఒక రంగుతో, తాగిన రోజులు ఇంకో రంగుతో గుర్తుపెట్టు. ఉషారెక్కాక తాగుతున్నాడా, తాగాక ఉషారెక్కుతోందా చూడు. అయ్యప్ప మాల ఎప్పుడైనా వేశాడా? ఏమీ ముట్టని ఆ 41 రోజుల్లో కూడా ఉద్రేకం వస్తే తాగుడొక్కటే కారణం కాదు.

చేతులు బాగా వణికి, వాంతులై, నడక తూలితే తాగొచ్చాడని తిట్టకండి. ఒంట్లో నీరు తగ్గి లిథియం ఎక్కువైనా అచ్చం అలాగే ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాలి.

రాయగడ నుంచి: నాకూ బైపోలారే. వాడికి చెప్పకుండా మూత్రపరీక్ష మాత్రం చేయించకండి, నమ్మకం పోతుంది. పైగా రోజూ గంజాయి తాగినవాడికి మానేసిన కొన్ని వారాలకు కూడా పాజిటివ్ రావచ్చు. నన్ను ఒక డాక్టరమ్మ "తాగితే నీకు ఏం బాగుంటుంది?" అని అడిగింది. నిద్ర కోసమని అప్పుడే చెప్పేశాను. అప్పటిదాకా అందరూ క్లాసు పీకినవాళ్లే.

పర్లాకిమిడి అక్క: మాల వేశాడండీ, పోయిన ఏడాది. ఆ దీక్షలోనే మూడు రాత్రులు పడుకోకుండా కొట్టు మొత్తానికి రంగులేయించాడు! భక్తి అనుకున్నాం.

రిటైర్డ్ నర్సు, బరంపురం: ఆ ముక్కే డాక్టరుకి చెప్పు తల్లీ. చాటుగా వద్దు, వాడి పక్కనే కూర్చుని చెప్పు. రోజూ తాగుతుంటే మాత్రం ఇంట్లో కట్టేసినట్టు ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఈలోగా లిథియం సొంతంగా ఆపనివ్వకండి. టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేం కట్టక్కర్లేదు.