ఎల్క్ వేటకి అందరం కలిసి వెళ్లాలంటే ఏ సీజన్ పట్టుకోవాలి?

జయపురం మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా జయపురం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాడు. వాడూ, వాడి ఆఫీసు వాళ్లిద్దరూ, న్యూజెర్సీ నుంచి మా బావమరిదీ కలిసి వచ్చే ఏడాది కొలరాడో కొండల్లో ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) వేటకి వెళ్దామనుకుంటున్నారు. ఆ రోజులకి నేనూ అక్కడే ఉంటాను. తుపాకీ ముట్టను. క్యాంపులో వంట చూస్తాను, ఓపిక ఉన్నంత మేర కొండెక్కుతాను.

ఎప్పుడు వెళ్లాలన్నది వాళ్లలో వాళ్లకే తేలటం లేదు. అబ్బాయి సెప్టెంబరు అంటాడు, మగ ఎల్క్ అరుపు వినాలట. ఆఫీసు వాళ్లు నవంబరు అంటారు, మంచు పడితే జంతువు తనే కిందకి దిగి వస్తుందట. మా బావమరిదికి యాభై నాలుగేళ్లు, మోకాలి నొప్పి. ఆయన టిక్కెట్లు కొనాలి, తొందరగా తేల్చండి అంటున్నాడు.

నాకు తెలిసిన వేట ఒక్కటే. నా చిన్నతనంలో మా నాన్నగారికి నందపురం వైపు ఉద్యోగం. చైత పరబ్‌కి, అంటే చైత్ర మాసపు పండగకి, అక్కడి మగాళ్లంతా విల్లంబులు, గొడ్డళ్లు పట్టుకుని బెంటకి, అంటే ఊరుమ్మడి వేటకి పోయేవారు. ఆకు రాలిన అడవి, జంతువు దూరం నుంచే కనపడేది. ఎవరి బాణం తగిలినా మాంసం ఊరంతటిదీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అది నేరం. అలగే ఉండాలి కూడా, ఇప్పుడు మన కొండల్లో ఒక కణుజు కనపడితే అదే పండగ. అమెరికాలో మాత్రం ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి పంపుతోంది. మరి చైత్రంలో కాకుండా శరత్తులోనే ఎందుకు? అందులోనూ మా గుంపుకి ఏ వారాలు నప్పుతాయి? వెళ్లినవాళ్లు చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారూ, నేను పర్లాకిమిడి వాణ్ణి. కొలరాడోలో పనిచేసిన రోజుల్లో తోటి ఉద్యోగులతో ఏటా ఎల్క్ వేటకి వెళ్లేవాణ్ణి, ఇప్పుడు ఊరికి వచ్చేశాను. మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను, కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు శరత్తు సంగతి. ఎల్క్ ఎదకొచ్చేది సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు మొదటి దాకా. దూడలు మే నెలాఖర్లో, జూన్లో పుడతాయి. మన చైత్రం నాటికి అక్కడ ఆడవి నిండు చూలుతో ఉంటాయి, చలికాలమంతా మేత లేక డొక్కలు అంటుకుపోయి ఉంటాయి, మగవాటి కొమ్ములు రాలిపోతుంటాయి. అప్పుడు వేటాడితే రెండు ప్రాణాలు పోతాయి, మాంసమూ ఉండదు. శరత్తుకి దూడ గడ్డికి అలవాటు పడుతుంది, పెద్దవాటి ఒంట కొవ్వు పడుతుంది. అందుకే వేటంతా సెప్టెంబరు నుంచి పెట్టారు.

సెప్టెంబరు నెలంతా విల్లంబులకి. ఆ నెల నడుమ తొమ్మిది రోజులు మజిల్‌లోడర్‌కి, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి కాల్చే తుపాకీకి. రైఫిల్‌కి నాలుగు సీజన్లు. మొదటిది అక్టోబరు నడుమ ఐదే రోజులు. రెండోది అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మొదట్లోకి తొమ్మిది రోజులు. మూడోది నవంబరు నడుమ, నాలుగోది ఆ నెల చివర్లో ఐదు రోజులు. తేదీలు ఏటేటా కొంచెం జరుగుతాయి, కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు ఏడాదికో పుస్తకం వేస్తారు, దాన్నే పట్టుకోవాలి.

మీ గుంపుకి నా మాట రెండో రైఫిల్ సీజన్.

ఎందుకంటే, గుంపుగా వెళ్లేటప్పుడు సీజన్ని కొమ్ముల్ని బట్టి ఎంచకూడదు, అందరిలోకీ తక్కువ నడవగలిగే మనిషిని బట్టి ఎంచాలి. మీ గుంపులో ఆ మనిషి మీ బావమరిది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, మన ఒడిశాలో అంతకంటే ఎత్తు లేదు. డెన్వర్ ఊరే 1,609 మీటర్లు. ఎల్క్ తిరిగే చోట్లు దానికి ఇంకో వెయ్యీ పదిహేను వందల మీటర్ల పైన. న్యూజెర్సీ సముద్ర మట్టం నుంచి విమానం దిగి మర్నాడే అక్కడికి ఎక్కితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలు. ఐదు రోజుల సీజన్లో రెండు రోజులు ఇలగ పోతే ఇంక మిగిలేదేముంది? తొమ్మిది రోజులుంటే ఆయన మొదటి రెండు రోజులు క్యాంపు చుట్టూ తిరిగి, ఊపిరి కుదురుకున్నాక పైకి వెళ్లొచ్చు. ఇంకా మంచిది, సీజన్ మొదలయ్యే ముందే రెండు మూడు రోజులు అరోరాలో మీ అబ్బాయి ఇంట్లో ఉండమనండి.

రెండో కారణం లైసెన్సు. మొదటి, నాలుగో సీజన్లకి డ్రా వేస్తారు, దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది. గుంపుగా దరఖాస్తు చేస్తే వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు. పైగా డ్రాలో రాని ఏళ్లకి జమయ్యే పాయింట్లు గుంపులో ఎవరివి అందరికంటే తక్కువో వాటినే మొత్తం గుంపుకి లెక్కేస్తారు, కొత్తవాడొకడుంటే గుంపంతా సున్నా నుంచే. రెండు, మూడు సీజన్లకి చాలా ప్రాంతాల్లో మగ ఎల్క్ లైసెన్సు దుకాణంలో నేరుగా కొనుక్కోవచ్చు. మీ బావమరిది టిక్కెట్టు నమ్మకంగా కొనుక్కోవాలంటే ఇదే దారి. ఆయనకి మాత్రం బయటి రాష్ట్రం ధర పడుతుంది, అది చాలా ఎక్కువ. ఆర్నెల్లు వరుసగా అక్కడ కాపురమున్నవాళ్లకే లోపలి ధర.

మూడోది మాంసం. అన్నిటికంటే నేను పట్టించుకునేది ఇదే. పెద్ద మగ ఎల్క్ మూడు వందల కిలోల పైమాటే. ఎముక తీసేసినా దాదాపు తొంభై కిలోల మాంసం వీపుల మీద దించాలి. మనిషికి పాతిక, ముప్ఫై కిలోలు, మిట్టా పల్లం, పడిపోయిన చెట్లు. సెప్టెంబరు మధ్యాహ్నం ఎండకి లోపల తుంటి ఎముక దగ్గర వేడి ఆరక మాంసం పులిసిపోతుంది. చర్మం గబగబా ఒలిచి, కాళ్లు విడదీసి, గుడ్డ సంచుల్లో చెట్టు నీడన గాలికి వేలాడదీయాలి. అక్టోబరు చివర రాత్రి గడ్డకట్టే చలి, మాంసానికి రెండు మూడు రోజులు వెసులుబాటు దొరుకుతుంది. తినదగిన మాంసం అడవిలో ఒగ్గేసి రావడం అక్కడ నేరం. నా మటుకు చట్టం లేకపోయినా అది పాపమే. మోసే ఓపిక ఎంతుందో చూసుకున్నాకే తుపాకీ ఎత్తాలి.

ఇక మీ బెంట పద్ధతికీ దానికీ ఉన్న పెద్ద తేడా. అక్కడ ఎవరి లైసెన్సు మీద వాళ్లే కొట్టాలి. బావమరిదికి మోకాలు నొప్పి కదా, ఆయన లైసెన్సు మీద నేను కొట్టిపెడతానంటే కుదరదు. పంచుకోవడం తర్వాత, అందరూ పంచుకోవచ్చు.

రాయగడ బాలు:

అన్నయ్యా, మీరన్నవన్నీ సరే గానీ సెప్టెంబరుని అంత తేలిగ్గా తీసిపారేయకండి. నేను డెన్వర్లోనే ఉంటాను, విల్లుతోనే వెళ్తాను. పొద్దు పొడవకముందు లోయలో ఒక మగ ఎల్క్ సన్నగా ఈల ఎత్తి చివర్న గుర్రుమంటే ఇంకో కొండ మీంచి ఇంకొకటి బదులిస్తుంది. అది విన్నవాడు మళ్లీ వెళ్లకుండా ఉండలేడు. రైఫిల్ సీజన్లు మొదలయ్యేసరికి ఆ సందడి దాదాపు అయిపోతుంది. పైగా రెండో సీజన్లో అడవి నిండా మనుషులే. తుపాకీ మోతలకి ఎల్క్ చీకటి దేవదారు తోపుల్లోకో, ప్రైవేటు పొలాల్లోకో వెళ్లిపోయి కూర్చుంటాయి. ఆ పొలాల్లో మనం అడుగు పెట్టలేం. మాస్టారి అబ్బాయి కోరిక న్యాయమైనదే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

బాలూ, ఆ అరుపు నేనూ విన్నాను, కాదనను. కానీ విల్లుతో కొట్టాలంటే ముప్ఫై నలభై గజాల దాకా వెళ్లాలి. అంత దగ్గరకి వెళ్లాలంటే గాలి తెలియాలి. తెల్లవారు చలికి గాలి పల్లానికి దిగుతుంది, ఎండ ఎక్కాక మిట్టకి లేస్తుంది, ఈ మలుపు తెలియని కొత్తవాళ్లు నలుగురు ఒకే వాగులో తిరిగితే వాసనకే మంద కొండ దాటేస్తుంది. గురి తప్పిన బాణం తగిలి ఆ జంతువు ఎక్కడో రెండు రోజులు నరకపడి చస్తే ఆ బాధ ఎవరిది? నువ్వు ఏళ్ల తరబడి సాధన చేసినవాడివి, నీకు సెప్టెంబరు సరే. కొత్తగుంపుకి కాదు. విల్లు వేటకి బయటి రాష్ట్రం వాళ్లకి లైసెన్సు నేరుగా దొరికే రోజులు కూడా పోయాయి, పడమటి కొండల్లో ఇప్పుడు వాళ్లంతా డ్రాలోకి రావాల్సిందే. మాస్టారి బావమరిది అక్కడే ఆగిపోతాడు.

జనం ఎక్కువన్నది నిజం. దానికి మందు, రోడ్డు పక్కన ఆగిపోకుండా గంటో గంటన్నరో నడవడం. చాలామంది బండి దిగిన చోటు నుంచి దూరం పోరు. మీకర్, క్రెయిగ్ వైపు వైట్ రివర్ మంద ఉంది, ఆ రాష్ట్రంలో అదే పెద్దది. అరోరా నుంచి నాలుగు గంటల దారి. ఫోన్లో ప్రభుత్వ భూమి హద్దులు చూపించే మ్యాపు దించుకుని వెళ్లాలి, పైన సిగ్నల్ ఉండదు.

ఆఫీసు వాళ్లు చెప్పే మంచు సంగతి. మంచు దండిగా పడితే ఎల్క్ కిందకి దిగుతాయి, నిజమే. పడకపోతే? నవంబరంతా పొడిగా పోయిన ఏళ్లున్నాయి. పడితే మళ్లీ కనుమ దారులు మూసేస్తారు, చక్రాలకి గొలుసులు కావాలి, మోకాలి నొప్పి మనిషి తొడల్లోతు మంచులో నడవలేడు. రెండు వైపులా జూదమే.

అబ్బాయి కోరిక కూడా తీరాలి మాస్టారూ. సెప్టెంబరు చివర్న మీరిద్దరూ ఒక సాయంత్రం ఎస్టెస్ పార్క్ అనే ఊరి మీదుగా రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి వెళ్లండి. అక్కడ వేట నిషేధం. మొరెయిన్ పార్క్ పచ్చికలోకి మందలు మందలుగా వస్తాయి, రోడ్డు పక్కన నిలబడితేనే అరుపులు వినపడతాయి. మీకు లైసెన్సూ అక్కర్లేదు, కొండా ఎక్కక్కర్లేదు.

వంశధార (గుణుపురం ఆడపడుచు, ప్రస్తుతం కొలరాడో స్ప్రింగ్స్):

మాస్టారు గారూ, వంట మీదన్నారు కాబట్టి చెప్తున్నాను. ప్రెషర్ కుక్కర్ మర్చిపోకండి. ఆ ఎత్తులో నీళ్లు తొంభై డిగ్రీల చిల్లరకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు సాయంత్రం దాకా బద్దలాగే ఉంటుంది. అక్టోబరులో ఎలుగుబంట్లు ఇంకా నిద్రకి పోవు, చలికాలం ముందు తిండికోసం తెగ తిరుగుతాయి. పోపు గిన్నె, నూనె, ఉల్లిపాయలు అన్నీ రాత్రికి కారులో పెట్టి తాళం వేయండి, గుడారంలో తినకండి.

ఇంకో మాట. అక్కడి ఎల్క్‌లో, జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని మెదడు జబ్బొకటి ఉంది. తల ఇస్తే పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లోనే ఉంచండి, జబ్బుందంటే తినొద్దు. మా ఇంట్లో ఇదే పద్ధతి, ఎవరు తొందరపెట్టినా కుక్కర్ ఎక్కదు. మాంసం మంచిదైతే మాత్రం కొవ్వు తక్కువ, అల్లం వెల్లుల్లితో నెమ్మదిగా ఉడికిస్తే మేకమాంసం గుర్తుకు రాదు.

జయపురం మాస్టారు:

చాలా సంతోషం. అబ్బాయికి అంతా చదివి వినిపించాను, రెండో సీజన్‌కే ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో నన్ను ఎస్టెస్ పార్క్ తీసుకెళ్తానన్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. ఆఫీసు వాళ్లిద్దరూ హెచ్‌1బీ మీదున్నారు, వాళ్లు తుపాకీ పట్టొచ్చా? నేను విజిటర్ వీసా మీద వస్తాను, వాళ్ల వెనక నడిస్తే తప్పా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నడవడం తప్పు కాదు మాస్టారూ. తుపాకీ, తూటాలు మాత్రం చేత్తో ముట్టుకోకండి, ఒక్క నిమిషం పట్టుకోమన్నా వద్దనండి. వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని అక్కడి కేంద్ర చట్టం. అందులో ఒక మినహాయింపు, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి. కాబట్టి ఆ ఇద్దరూ ముందు లైసెన్సు చేతికి తీసుకోవాలి, ఆ తర్వాతే రైఫిల్ జోలికి పోవాలి, సాధనకైనా సరే. వీసా వ్యవహారం కాబట్టి ఒకసారి లాయర్ని అడిగితే ఇంకా నిశ్చింత. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు లేనిదే లైసెన్సు ఇవ్వరు, ఆ క్లాసు చలికాలంలోనే పూర్తి చేయమనండి.

వేటగాళ్లు నడుం పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు, తల మీద అదే రంగు టోపీ వేసుకోవాలి. గులాబీ రంగుకీ ఒప్పుకుంటారు. మీరు వేటగాడు కాకపోయినా వేసుకోండి, జనం ఎక్కువున్న సీజన్లో వేసుకోకుండా చెట్ల మధ్యకి వెళ్లొద్దు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి. చాలా చోట్ల మగ ఎల్క్‌కి ఒక కొమ్ముకి నాలుగు కొనలైనా ఉండాలి, లేదా కనుబొమ్మ దగ్గరి కొన ఐదు అంగుళాలైనా ఉండాలి. అది లెక్కపెట్టేంత వెలుగు లేకపోతే వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లకూడదని అబ్బాయికి చెప్పండి.

బావమరిది గారిని ఇప్పటినుంచే మెట్లెక్కమనండి, వీపున పది కిలోల బియ్యం సంచీతో. న్యూజెర్సీలో కొండలు లేకపోతే ఆఫీసు మెట్లే చాలు. డాక్టరు మోకాలు చూసి సరే అన్నాకే టిక్కెట్టు కొనమనండి.