కోపెపాడ్‌ల మీద డిసర్టేషన్: మెరైన్ ల్యాబ్‌లో ముందు ఎవరి అనుమతి తీసుకోవాలి?

ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చివరి సెమిస్టర్ డిసర్టేషన్ జనవరి నుంచి మే వరకు విశాఖలోనే ఏదైనా సముద్ర పరిశోధన ల్యాబ్‌లో చేయాలి. అంశం తీరప్రాంత కోపెపాడ్‌లు, అంటే నీటిలో తేలుతూ బతికే అతి చిన్న క్రస్టేషియన్లు (రొయ్యలు, పీతల వర్గం జీవులు).

200 మైక్రాన్ల వలతో శాంపిల్ తీయడం, ఫ్లోమీటర్ రీడింగ్‌తో వడకట్టిన నీటి పరిమాణం లెక్కగట్టడం, బోరాక్స్ కలిపిన 4 శాతం ఫార్మలిన్‌లో భద్రపరచడం వచ్చు. అకార్షియా లాంటి కోపెపాడ్‌లను ప్రజాతి (జీనస్) వరకు గుర్తుపడతాను. జాతి (స్పీషీస్) తేలాలంటే మగవాటి ఐదో జత కాళ్లు విడదీసి మైక్రోస్కోపు కింద చూడాలి. అది దగ్గరుండి నేర్పేవాళ్లు కావాలి, కాలేజీలో లేరు.

సీవీ, మార్కుల జాబితా, హెచ్‌ఓడీ లేఖ, ఒక పేజీ ప్రతిపాదన సెప్టెంబరులోనే పంపాను. ఒక సంస్థలో సైంటిస్టు ట్రైనింగ్ విభాగం ద్వారా రమ్మన్నారు. ఆ విభాగం వాళ్లేమో ముందు గైడ్ సమ్మతి తెమ్మంటున్నారు. అక్కడే ఆగిపోయింది. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ మంచిదే కానీ రెండు నెలలే, పైగా వేసవి సెలవుల్లో. మార్చి, ఏప్రిల్‌లో అప్‌వెల్లింగ్ (లోతు నీరు పైకి రావడం) సమయం శాంపిళ్లు దొరక్కపోతే ఈ పనికి అర్థమే లేదు.

విశాఖలోని కేంద్ర పరిశోధన సంస్థల్లో డిసర్టేషన్ చేసినవాళ్లు చెప్పగలరా: గైడ్ సమ్మతి, సంస్థ అనుమతి, ఈ రెండింటిలో మీకు ముందు ఏది వచ్చింది, దాన్ని ఎలా సంపాదించారు?