ఇంగ్లీష్‌లో గెట్ అనే క్రియ వాడకం ఎవరైనా వివరంగా చెప్తారా?

అందరికీ నమస్తే. నేను తెలుగు మీడియంలో చదివాను, ఇప్పుడు ఉద్యోగంలో రోజూ అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటాయి. గెట్ అంటే 'పొందు' అని స్కూల్లో ఒక్క ముక్క చెప్పి వదిలేశారు గానీ, వీళ్ళు మాట్లాడుతుంటే ఐ గాట్ ద మెయిల్ అంటే మెయిల్ అందింది, ఇట్స్ గెటింగ్ లేట్ అంటే ఆలస్యమవుతోంది, గాట్ ఇట్ అంటే అర్థమైంది. సరే, ఇవన్నీ సందర్భాన్ని బట్టి పట్టేస్తున్నాను.

అసలు చిక్కంతా పని చేయించే దగ్గర. ఐ గాట్ మై కార్ రిపేర్డ్ అంటే కారు రిపేరు చేయించాను, మన 'చేయించు' లాగే ఉంది, బాగానే ఉంది. మరి ఐ గాట్ హిమ్ టు రిపేర్ ఇట్ అన్నప్పుడు మధ్యలో ఆ టు ఎందుకొచ్చింది? అదే హ్యావ్‌తో చెప్తే ఐ హ్యాడ్ హిమ్ రిపేర్ ఇట్ అంటారు, అక్కడ టు ఉండదు! గెట్ అంటే ఒప్పించి చేయించినట్టు, హ్యావ్ అంటే ఊరికే పని అప్పజెప్పినట్టు అని మా టీమ్‌లో ఒకాయన అన్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా? పైవాళ్ళకి మెయిల్ రాసేటప్పుడు ఏది వాడితే మర్యాదగా ఉంటుంది?

ఇంకోటి, అమెరికా వాళ్ళు ఇట్ హ్యాజ్ గాటెన్ వర్స్ అంటారు, బ్రిటిష్ వాళ్ళు అక్కడ గాట్ అంటారు కదా, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీష్ పరీక్ష) రైటింగ్‌లో గాటెన్ రాస్తే మార్కులు పోతాయా?

వీడియో లింకులు వద్దండీ, చూసే ఓపిక లేదు. మీరు మామూలుగా మాట్లాడే వాక్యాలు నాలుగైదు రాసినా చాలు.