సమస్యాపూరణం: "రాళ్లు తమయంత నడచెను రాత్రివేళ"

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం, ఇదే చివరి పాదంగా పద్యం పూర్తిచేయాలి:

రాళ్లు తమయంత నడచెను రాత్రివేళ

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీకి మొన్న చలికాలం పిల్లలతో కారేసుకుని వెళ్లొచ్చాం. యుబెహెబె అని పెద్ద గుంట ఉంది, లావా భూగర్భజలానికి తగిలి ఆవిరై పేలితే పడిందది. అక్కడితో తారురోడ్డు అయిపోతుంది, ఆపైన 43 కిలోమీటర్లు కంకర, గతుకులు, ఎముకలు కదిలిపోయాయి. చివర రేస్‌ట్రాక్ ప్లాయా. ఎండిన చెరువు, బల్లపరుపు, బురద పెంకుల్లా పగిలి ఉంటుంది. దాని మీద దక్షిణపు కొండ నుంచి దొర్లిపడ్డ డోలమైట్ రాళ్లు, ఒక్కోదాని వెనక నాగలి చాలులా గీత. పక్కన అడుగు జాడ లేదు. చాలాసేపు మాట రాలేదు నాకు. "తమయంత", అంటే తమంతట తామే, అన్న మాటను మాత్రం వదలకండి.

పూరణ 1

మాస్టారూ, నా ప్రయత్నం.

ఎండు చెరువున సుడిగాలి యెగసి వచ్చి
బండ లన్నిటి వెనుకను బట్టి నెట్ట
మనుజు డెవ్వడు లేనట్టి మరువునందు
రాళ్లు తమయంత నడచెను రాత్రివేళ

— గణాలు, యతులు సరిపోయాయి. "వెనుకను బట్టి నెట్ట" బాగుంది. కానీ గాలి వెనక నిలబడి నెట్టాక "తమయంత" ఎలా అవుతుంది? చిక్కంతా అక్కడే, మీరు దాన్ని దాటేశారు.

పూరణ 2

అన్నగారూ, మాలిక చేశాను, అంటే నాలుగు పాదాలు దాటించాను. 2011లో పరిశోధకులు జీపీఎస్ అమర్చిన 15 రాళ్లు అక్కడ పెట్టారు, 2013 డిసెంబరులో కదలిక కళ్లారా చూశారు, 2014లో ప్రచురించారు. నిలిచిన నీటి మీద రాత్రి 3 నుంచి 6 మిల్లీమీటర్ల మంచు పేరుతుంది, కిటికీ అద్దమంత మందం. ఎండెక్కాక అది పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి కొద్దిపాటి గాలికే రాళ్లను నెడుతుంది, నిమిషానికి 2 నుంచి 5 మీటర్లు. నడక పగలే అన్నమాట, అందుకని మీ "రాత్రివేళ"ను జనం నోట పెట్టాను.

నీటిపై రాత్రి పేరిన నిగ్గు మంచు
పగటి యెండకు పలకలై పగిలి తేలి
గాలి తాకగ రాళ్లను గదలజేయ
వింత కతలను చెప్పిరి పూర్వ జనులు
రాళ్లు తమయంత నడచెను రాత్రివేళ

— చెల్లెమ్మా, చాలా సంతోషం. పాదం ఇచ్చేటప్పుడు ఆ పగలు సంగతి నేను ఆలోచించలేదు, పొరపాటు నాదే. "నిగ్గు మంచు" చదవగానే ఆ చెరువు మళ్లీ కళ్లముందుకొచ్చింది. నాలుగో పాదంలో యతి తప్పింది, "వి"కి "పూ" కుదరదు.

— "వెనుక జనులు" అంటే సరిపోతుందా అన్నగారూ?

— సరిపోతుంది.

పూరణ 3

మేమూ వెళ్లాం మాస్టారూ, తిరుగుదారిలో చీకటి పడిపోయింది. మా వాడు వెనక సీట్లో లేచి అన్న మాటే ఇది.

కారు దీపపు వెలుగులో గతుకు దారి
నీడ లటునిటు నూగగా నిదురకనుల
చిన్నవానికి తోచెను చిత్రముగను
రాళ్లు తమయంత నడచెను రాత్రివేళ

— "చిత్రముగను"లో చివరి "ను" గణం కోసమే వచ్చింది, ఇంకో మాట వెతకండి. మిగతాదంతా నాకు నచ్చింది, "తమయంత", "రాత్రివేళ" రెండూ నిలబడ్డాయి, ఎందుకంటే వాడికి నిజంగా అలాగే కనిపించింది. చెరువు మీది గీతలు చూశాడా మరి?